పన్నెండో తారీఖు, సి షిఫ్టు

నాలుగు గంటలకి తాళం వేస్తామని పదిన్నరకే కాగితం అంటించిపోయారు. గురునాథరావు స్కూటరుకి స్టాండు వేసి ఆ కాగితం చదివేసరికి పదకొండూ ఐదు. జిగురు ఇంకా ఆరలేదు.

భిలాయి క్యాంప్ 2లో రెండు గదుల ఇల్లది. ముందు గదిలో ఒక బల్ల, ఒక బెంచీ. వెనక గదిలో మందుల బీరువా. బ్రౌన్ షుగర్‌కి అలవాటు పడ్డవాళ్ళకి డాక్టర్ కుముదిని అక్కడ రోజూ నాలుక కింద మందు పెట్టి, వారం వారం మోతాదు తగ్గించుకుంటూ వస్తుంది. సర్కారు గుర్తింపు ఉన్న వైద్యమే. అయినా ముందురోజు సాయంత్రం టౌన్ ఇన్‌స్పెక్టర్ రాజగోపాల్ వచ్చి మందుల రిజిస్టరు పట్టుకుపోయాడు. ఈ రోజు గోడ మీద ఈ నోటీసు. ఇక్కడ మందు తీసుకునే హరినాథ్ అనే ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్ కాంట్రాక్టు కూలీ ఆ మందు ఎక్కువై చచ్చిపోయాడు గనక కేంద్రానికి సీలు, డాక్టరమ్మకి అరెస్టు అని దాని సారం.

ఎక్సైజులో ఇన్‌స్పెక్టరుగా రిటైరైన గురునాథరావు, ఖాళీగా కూర్చోలేక వకీళ్ళకి వాకబులు చేసిపెడుతుంటాడు. నిన్న హరినాథ్ భార్య మణిమాల ఆయన ఉంటున్న సెక్టర్ 2 క్వార్టరుకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “మందు తిని సచ్చేవోడు కాడు బాబూ. ఆ మందుతోనే మనిషైనాడు,” అని ఒక్క మాట చెప్పి పోయింది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే ఆయన్ని ఇక్కడికి తరిమింది.

“ఇన్‌స్పెక్టరు నన్ను పేర్లడిగాడు,” అంది కుముదిని. యాభై ఐదేళ్ళ మనిషి, విజయనగరం మాట. “ఇక్కడ మందు తీసుకునే ముప్పై ఎనిమిది మంది పేర్లు కాగితం మీద రాసి ఇస్తే సీలు వెయ్యనన్నాడు.”

“మీరేమన్నారు?”

“కాఫీ తాగి వెళ్ళమన్నాను.”

“రిజిస్టర్లో పేర్లు లేవా?”

“నంబర్లే. ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన ఇత్తడి టోకెన్ ఇచ్చాను. పేర్లు ఎక్కడా రాయలేదు. ఇక్కడున్నాయి.” కణత మీద వేలితో కొట్టుకుంది. “పేరు బయటపడితే వాళ్ళ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మళ్ళీ ఆ పొడి. ఆ పొడితో దొరికితే పదేళ్ళు. అందుకే ఇవ్వను. నన్ను పట్టుకుపోతే పట్టుకుపొమ్మనండి.”

నోటీసుతో పాటు మూడు జిరాక్సులు జతచేశారు. రిజిస్టరు మొదటి పేజీ, కేసుకి సంబంధించిన పేజీ, శవ పంచనామా. గురునాథరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. రిజిస్టరు పేజీలో రాజగోపాల్ ఎర్రసిరాతో గీత గీసిన వరస: 12-7, సి, 27, ఆరూ ముప్పై ఐదు. హరినాథ్ జేబులో దొరికిన టోకెన్ నంబరు ఇరవై ఏడు. అదే జేబులో పది మాత్రల పట్టీ, నాలుగు ఖాళీ. శవం దొరికింది భిలాయి-3 స్టేషను అవతల, సైడింగు పట్టాల పక్కన. పంచనామా టైము పదమూడో తారీఖు తెల్లవారుజాము ఐదూ నలభై.

“ఈ పట్టీ మీదేనా?”

“మా పట్టీ ఈ గుమ్మం దాటదు. మాత్ర నూరి, పొడి చేసి నాలుక కింద పెడతాం. కరిగేదాకా ఆ బెంచీ మీద కూర్చోవాలి. కానీ పన్నెండు పొద్దున్నే మందుల కోసం నేను రాయపూర్ వెళ్ళాను, పదమూడు మధ్యాహ్నం గానీ రాలేదు. ఆ రెండు రోజులూ మందు పెట్టింది మా అప్పలకొండే. అతను అమ్ముకున్నాడంటాడు ఇన్‌స్పెక్టరు.”

అప్పలకొండ వెనక గదిలో కల్వం కడుగుతున్నాడు. ప్లాంటు టైమాఫీసులో ముప్పై మూడేళ్ళు చేసి దిగినవాడు. అరవై దాటాయి, ఎడమకాలు కుంటి. గురునాథరావు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“హరినాథ్‌కి ఆఖరుసారి మందు ఎప్పుడు పెట్టావు?”

“బుక్కులో ఉంది కదా బాబూ. పన్నెండు.”

“బుక్కు సంగతి కాదు. నిన్ను అడుగుతున్నాను.”

“బుక్కు రాసింది నానే కదా.”

“ఎన్ని గంటలకి?”

“ఆరూ ముప్పయ్యైదు.” ఈ జవాబు మాత్రం ఠక్కున వచ్చింది. “పది నిమిషాలు కూకుండబెట్టి, నోరు తెరిపించి సూసేను. నవ్వేడు. బాగున్నాడు.”

“తర్వాత ఎటు వెళ్ళాడు?”

కల్వంలో నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టాడు. కడిగిందే కడుగుతున్నాడు. “తలుపు కాడికెల్లినాడు. ఆపైన నాకేటి తెలుసు?”

“నీకు తెలుసు, అప్పలకొండా.”

“పన్నెండున ఇచ్చేవు కదా, అంతే సెప్పు, ఇంకేటీ సెప్పకు అన్నారు బాబు ఇన్‌స్పెక్టరుగారు. నానంతే సెప్పేను. నన్నొదిలీండి.”

ఇంటి గుట్టు ఠాణాకి మోసింది వీడేనేమో అన్న అనుమానం గురునాథరావుకి ఆ క్షణంలో పుట్టింది. పైకి ఏమీ అనకుండా లేచాడు. పన్నెండుంబావు.

భిలాయి-3 గేటు దగ్గరికి చేరేసరికి ఒంటిగంట. పంచనామాలో రాసిన చోటు సిగ్నలు స్తంభానికి పదిహేను అడుగుల ఇవతల. అక్కడ పట్టాల కట్టకి, ముళ్ళకంపకి మధ్య పల్లం. నిన్నటి వాన నీళ్ళు ఇంకా మడమ లోతున్నాయి. గురునాథరావు పంచెకట్టు పైకి దోపి అందులోకి దిగాడు. అడుగున జిగటమన్ను. నీళ్ళ అంచున గడ్డి ఒకవైపుకి వాలి, టైరు నొక్కిన గాడి రెండు బారలు పోయి ఆగింది. వాన వెలిశాక పడ్డ గాడి. వానకి ముందు పడితే కొట్టుకుపోయి ఉండేది.

లెవెల్ క్రాసింగు గేట్‌మాన్ ఛత్తీస్‌గఢీ మనిషి. బీడీ ఇస్తే పుచ్చుకున్నాడు. పదమూడు తెల్లవారి నాలుగింటి నుంచి ఆరూ పది దాకా కుండపోతగా కురిసిందని, ఆ పల్లం అప్పుడు మోకాలు మునిగేలా ఉందని చెప్పాడు. తను ఐదున్నరకి లాంతరు పట్టుకుని ఆ పక్కనుంచే నడిచాడట. అక్కడ మనిషి లేడు, శవమూ లేదు.

“పోలీసులు ఎప్పుడొచ్చారు?”

గేట్‌మాన్ అటూ ఇటూ చూశాడు. “సాహబ్ కే జీప్ సాఢే ఆఠ్ బజే ఆయిస్,” అన్నాడు గొంతు తగ్గించి. ఎనిమిదిన్నరకి! మరుక్షణమే, తను ఏమీ అనలేదనీ, కోర్టుకి రాననీ, తనకి నలుగురు పిల్లలనీ చెప్పి గుడిసెలోకి పోయాడు.

అతను ఎందుకంత తొందరగా పోయాడో వెనక్కి తిరిగితే తెలిసింది. కట్ట మీద జీపు ఆగి ఉంది. రాజగోపాల్ దిగాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, భిలాయిలోనే పుట్టిపెరిగి, హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడే మనిషి.

“రావుసాబ్, రిటైరయ్యాక మనవలతో ఆడుకోవాలి. బురదలో కాదు.”

“మనవలు బడికెళ్ళారు బాబూ. ఈ లోపల మీతో ఆడుకుందామని వచ్చాను. పంచనామా ఇక్కడే, ఐదూ నలభైకే రాశారా?”

“బిల్కుల్.”

“అప్పుడు వాన కదా?”

“గొడుగు పట్టుకుని రాశాం.”

“జేబులో బీడీకట్ట, అగ్గిపెట్టె, మాత్రల పట్టీ, అన్నీ పొడిగా ఉన్నవి అని రాశారు. రాత్రంతా ఈ గుంటలో పడున్న శవానిక్కూడా గొడుగు పట్టారేటి?”

రాజగోపాల్ నవ్వు ఒక పక్కే మిగిలింది. “మున్షీ తప్పు రాసుంటాడు. ఒక మాట తప్పు పోతే కేసు పోదు. కాంట్రాక్టు కూలీకి లోపలికెళ్ళేటప్పుడే హాజరు, బయటికి ఎప్పుడొచ్చాడో ఎవడూ రాయడు. వాడు పన్నెండు రాత్రి సి షిఫ్టు కెళ్ళాడు. మధ్యలో జారుకున్నాడు, పట్టీ మింగాడు, ఇక్కడ పడ్డాడు. డాక్టరమ్మ రిజిస్టర్లో పన్నెండున వాడున్నాడు. పదమూడున లేడు. ఎందుకు లేడు? అప్పటికే చచ్చాడు కాబట్టి. మీరు గేట్‌మాన్‌ని తెస్తారా? తీసుకురండి. నేను పుస్తకం తెస్తాను.”

“మీకు కావలసింది హరినాథ్ కాదు. పేర్లు.”

“హా, పేర్లే కావాలి. దాపరికం ఏముంది? ముప్పై ఎనిమిది మంది నషేడీలు, మత్తుబానిసలు, నా ఇలాకాలో. ఒక్కొక్కడు ఒక కేసు. మీకు జాలి. ఎందుకంటే మీరు అఫీము అమ్మిన మనిషి.”

“అమ్మాను,” అన్నాడు గురునాథరావు, నీళ్ళలోంచి కదలకుండానే. “పార్వతీపురంలో, సర్కారు నల్లమందు దుకాణంలో, సర్కారు కుర్చీలో కూర్చుని. డెబ్బై మందికి కార్డులుండేవి. త్రాసులో తూచి, కార్డు మీద గీత పెట్టి ఇచ్చేవాణ్ణి. బండి తోలేవాడు, దర్జీ, కోర్టు అమీను, అందరూ వచ్చేవారు. తీసుకుని పనికి పోయేవారు. ఒక్కణ్ణి పట్టాల పక్కనుంచి ఏరుకు రాలేదు. యాభై తొమ్మిదిలో దుకాణం మూసేశారు. మర్నాటికి డెబ్బై మందీ సన్యాసుల్లో కలిశారనుకున్నారా?”

“ఎక్కడికి పోయారు?”

“సందుల్లోకి పోయారు. నేను తూచిన చోట ఇంకెవడో తూచాడు. ఎనభై అయిదులో పదేళ్ళ చట్టం తెచ్చారు. దాచుకు తిరగాల్సి వచ్చినప్పుడు సరుకు చిన్నదవుతుంది బాబూ, ఘాటు పెరుగుతుంది. ఉసిరికాయంత ముద్ద పోయి చిటికెడు పొడి వచ్చింది. ఆ పొడికి దారి వేసింది దొంగలొక్కరే కాదు. ఇప్పుడు రెండు గురివింద గింజల ఎత్తుంటే ఏడాది, ఇంకో గింజ ఎక్కువైతే పదేళ్ళు. ఆ గింజ ఇటో అటో తేల్చేది మీ త్రాసు. ఎంత బలం మీ చేతిలో! అందుకే కాబోలు ఎవడైనా మానేస్తానంటే మీకు కోపం.”

“స్పీచ్ అయిందా?” రాజగోపాల్ జీపు ఎక్కాడు. “నాలుగింటికి నాయబ్ తహసీల్దారు వస్తున్నాడు సీలుతో. మీ ఉపన్యాసం ఆయనకి వినిపించండి. హిందీలో!”

గురునాథరావు తిరిగొచ్చేసరికి మూడూ ఇరవై. చేతిలో ఉన్న సాక్ష్యం తేలికేనని ఆయనకి తెలుసు. రానన్న గేట్‌మాన్, వాన, టైరు గాడి. ఇంతటితో సీలు ఆగదు. కేంద్రం గుమ్మం ముందు స్కూటరు మీదే కూర్చుని జిరాక్సులు మళ్ళీ తిరగేశాడు. మొదటి పేజీ, మొదటి వరస: 28-2, సి, 2, ఆరున్నర. దాని కింద మూడు, ఐదు నంబర్లు. తల ఎత్తితే తలుపు పైన రేకుబోర్డు. డాక్టరమ్మ పేరు, సర్కారు గుర్తింపు నంబరు, కింద నీలంరంగులో: ప్రారంభం 1-3-94.

ఆయన కాగితం చూశాడు. బోర్డు చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. తర్వాత లోపలికెళ్ళి కుముదినిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ప్రారంభానికి ముందురోజు ఎవరికైనా మందు పెట్టారా అని. ముందురోజు బీరువాయే రాలేదంది ఆవిడ. పుస్తకంలో తేదీల గడి ఎప్పుడైనా చూశారా అంటే, మోతాదు గడిలో సంతకం పెట్టడమే తన పని, తేదీ అప్పలకొండ వేస్తాడంది. గురునాథరావు గ్లాసుడు మంచినీళ్ళు తాగి బెంచీ మీద కూర్చున్నాడు.

సరిగ్గా నాలుగింటికి జీపు వచ్చింది. నాయబ్ తహసీల్దారు సాహూ నడివయసువాడు, తెలుగు మాట్లాడడు గానీ అర్థమవుతుంది. చెమటలు కక్కుతూ సంచీలోంచి లక్క, కొవ్వొత్తి, తాళంకప్ప, డాక్టరమ్మ అరెస్టు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. వెనకే రాజగోపాల్. అతని చేతిలో అసలు రిజిస్టరు.

“సీలు వెయ్యక ముందు ఒక్క విషయం తేల్చండి,” అన్నాడు గురునాథరావు సాహూతో హిందీలో. “ఇన్‌స్పెక్టరుగారి కేసంతా ఈ పుస్తకం మీదే నిలబడింది. పుస్తకం నిజమేనని ఆయన ఒప్పుకుంటున్నారా?”

“నేనే జప్తు చేశాను. సెంట్ పర్సెంట్ నిజం,” అన్నాడు రాజగోపాల్.

“మొదటి పేజీ తియ్యండి. మొదటి మందు ఎప్పుడు పెట్టారని ఉంది?”

సాహూ వేలు పెట్టి చదివాడు. “ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.”

“ఒకసారి బయటికి వచ్చి బోర్డు చదవండి.”

సాహూ వెళ్ళి, మెడ ఎత్తి చదివి, లోపలికొచ్చాడు. మొహంలో విసుగు పోయింది. “పుట్టకముందే మందు ఎలా పెట్టారు?”

“అది రాసినవాణ్ణే అడుగుదాం. అప్పలకొండా, సి షిఫ్టు ఎప్పుడు ఎక్కుతారు?”

గుమ్మంలో నిలబడ్డ అప్పలకొండ తడబడ్డాడు. “రాత్రి పదికి, బాబూ.”

“దిగేది?”

“పొద్దున్న ఆరుకి.”

“ఆ దిగినవాడు ఆరున్నరకి ఇక్కడికొస్తే ఏ తారీఖు వేస్తావు?”

“ఏ తారీఖేటి బాబూ? ఎక్కిన తారీఖే కదా.” ఇంత చిన్న సంగతి అడుగుతున్నాడేమిటన్నట్టు చూశాడు. “టైమాఫీసులో అలగే రాసేవోళ్ళం. పన్నెండు రాత్రి ఎక్కినోడు పదమూడు పొద్దున్న దిగితే, అది పన్నెండో తారీఖు సి షిఫ్టే. ఆడు ఇంటికెళ్ళి తొంగున్నదాకా ఆడికి పన్నెండే.”

రాజగోపాల్ మొహంలో రంగు దిగడం మొదలైంది.

“సాహూగారూ,” అన్నాడు గురునాథరావు, “మార్చి ఒకటి పొద్దున వచ్చిన సి షిఫ్టు వాళ్ళకి ఫిబ్రవరి ఇరవై ఎనిమిది పడింది. అలాగే హరినాథ్‌కి పన్నెండు పడింది. అంటే పదమూడు పొద్దున్న ఆరూ ముప్పై అయిదుకి అతను ఈ బెంచీ మీద కూర్చుని నవ్వాడు. ఇన్‌స్పెక్టరుగారు అతని శవాన్ని ఐదూ నలభైకి చూశారు. బతికున్నవాడికి గంట ముందే పంచనామా. ఎందుకని? నిన్న పుస్తకం పట్టుకుపోయి చూస్తే పదమూడో తారీఖు కింద ఇరవై ఏడు కనపడలేదు గనక, తెల్లవారేలోపలే చచ్చినట్టు రాసేసుకుంటే సరిపోతుందనుకున్నారు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగారు గానీ, బాబూ, మీరు షిఫ్టు ఎప్పుడూ చెయ్యలేదు.”

సాహూ లక్క కడ్డీ సంచీలో పడేశాడు. రాజగోపాల్ గొంతు మాత్రం మెత్తగా వచ్చింది.

“అచ్ఛా కహానీ. ముసలాయన చేత ఈ రోజు పాఠం చెప్పించారు. జీతగాడు డాక్టరమ్మ మాట కాకుండా నా మాట చెప్తాడా? పదమూడు పొద్దున్న హరినాథ్‌ని కళ్ళారా చూసినవాళ్ళు ఉండాలి కదా. బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్ళు. పిలవండి. పేర్లు చెప్పండి, మేడమ్. సాహూసాబ్ రాసుకుంటారు.”

ఉచ్చు చక్కగా బిగించాడు. పేరు చెబితే ముప్పై ఎనిమిది మందీ వాడి చేతిలో పడతారు, చెప్పకపోతే హరినాథ్ ఐదూ నలభైకే చచ్చిపోతాడు. సాహూ కుముదిని వైపు చూశాడు. ఆవిడ చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని, అరెస్టు కాగితం కోసం చెయ్యి చాచింది.

“ఉండండమ్మా,” అన్నాడు అప్పలకొండ.

కుంటుకుంటూ బల్ల దగ్గరికొచ్చి బనీను లోపల్నుంచి మొలతాడుకి కట్టిన ఇత్తడి టోకెన్ తీసి సాహూ ముందు పెట్టాడు. ఒకటో నంబరు.

“నాను జీతగాణ్ణి కాను బాబూ. ఉట్టినే పన్జేస్తన్నాను. మొదటి రోగిని నానే. కాలు నుజ్జయిన ఏడు నొప్పికి నల్లమందు మరిగేను. అది దొరక్క ఈ పొడి పట్టేను. నా పెళ్ళానికి కూడా తెల్దు. నిన్న ఈ బాబు ‘నీ సంగతి నాకు తెలుసు, నోరిప్పితే పదేళ్ళు’ అన్నారు. బయపడ్డాను. ఆ బయంతో కుర్రోడి సావు మింగేసేను.”

“అరెస్ట్ కరో!” అని రాజగోపాల్ బయట జీపు దగ్గరున్న కానిస్టేబుల్‌కి కేకేశాడు. “ఇక్బాల్-ఏ-జుర్మ్! మీ ముందే ఒప్పుకున్నాడు.”

“ఒప్పుకున్నాడు. అందుకే వదలాలి,” అన్నాడు గురునాథరావు. “ఎనభై తొమ్మిదిలో మీ చట్టంలోనే ఒక సెక్షను కలిపారు. తనంతట తను గుర్తింపు ఉన్న చోటికి వైద్యానికి వచ్చినవాడి మీద, వాడకం నేరం కింద కేసు నడపకూడదు. ఆ పేజీ మీ పుస్తకంలో కూడా ఉంటుంది. తెరిచి ఉండరు.”

సాహూ అప్పుడు ఎవరి వైపూ చూడలేదు. తాళంకప్ప పక్కకి తోసి, తెల్లకాగితం లాక్కుని, పెన్ను మూత తీశాడు. “బోలియే,” అన్నాడు అప్పలకొండతో.

“ఆరూ నలభై ఎనిమిదికి హరినాథు బయటికెల్లినాడు. నాను కిటికీ కాడ నిలబడున్నాను. మలుపులో జీపు. ‘పేర్లు సెప్పు, ఒగ్గేస్తాను’ అన్నారు. ‘సెప్పను’ అన్నాడు ఆడు. రెండుసార్లు అడిగేరు, రెండుసార్లూ సెప్పనన్నాడు. సొక్కా పట్టి ఎక్కించేసేరు. ఎక్కించింది ఈ బాబే. ముప్పై ఎనిమిది మందికీ ఆడు సచ్చి నిలబడ్డాడు. మరి నాను బతికుండి నిలబడకపోతే ఎలాగ?”

సాహూ పెన్ను కాగితం మీద గరగరా నడుస్తోంది. ధైర్యం వచ్చిన మనిషి గొంతు పెరిగింది. “నా ఒక్కడి మాటే అనుకుంతారేమో. పద్నాలుగో నంబరు కూడా సూసేడు బాబూ! అప్పుడే లోపలికొస్తన్నాడు, జీపు ఆణ్ణి రాసుకుని పోయింది. జనరల్ షిఫ్టోడు. అయిదింటికి ప్లాంటు కుర్సీపార్ గేటులోంచి బయటికొస్తాడు, కావలిస్తే పిల్చి అడగండి!”

ఆ మాట పూర్తికాకముందే గురునాథరావు చెయ్యెత్తాడు. ఆలస్యమైంది. రాజగోపాల్ లేడు, గుమ్మం ఖాళీగా ఉంది. బయట జీపు స్టార్టయి, గేరు కరకరలాడి, మలుపు తిరిగింది. బల్ల మీద రిజిస్టరు కూడా లేదు.

నాలుగూ ముప్పై ఒకటి.

ఇన్‌స్పెక్టరుకి పేరు తెలియదు. తెలియక్కర్లేదు కూడా. గేటు దగ్గర వచ్చినవాణ్ణల్లా జేబులు వెతికితే చాలు. పద్నాలుగో నంబరు టోకెన్ ఎవడి దగ్గరుంటే వాడు రేపటికి ఏ పట్టాల పక్కనో పొడి బీడీకట్టతో దొరుకుతాడు.

గురునాథరావు స్కూటరు తాళాలు అందుకున్నాడు. “సాహూగారూ, మీరు రాస్తూనే ఉండండి. సంతకం పెట్టించేదాకా ఈయన్ని వదలకండి. డాక్టరమ్మా, చెప్పండి, పద్నాలుగు ఎవరు? పేరు చెప్పండి, నేను ముందు పట్టుకుంటాను.”

కుముదిని గోడకున్న స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. నాయబ్ తహసీల్దారు తెచ్చిన అరెస్టు కాగితం బల్ల మీద నుంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, చేతిసంచీలో పెట్టుకుంది.

“పేరు మీకు కూడా చెప్పను రావుగారూ. మొహం నాకు తెలుసు. స్కూటరు తియ్యండి, వెనకాల కూర్చుంటాను.”